బొటనవేలున్న కుమ్మరి పురుగు

ఒరే గురువులూ, నవ్వింది చాలు, నోరు మూసుకో. పొద్దున్న ఒడ్డు మీద పక్కవాడి పడవ ఇంజను దగ్గి ఆగిపోయినప్పుడల్లా నీ మొహం వెలిగిపోవడం నేను చూడలేదనుకున్నావా? చూశాను. నీ ఇంజను పలికినప్పుడు కూడా నువ్వంత సంతోషపడలేదు. అందుకే నీకు ఎల్లాజీ సంగతి చెబుతాను, ఆ వల అక్కడ పెట్టి ఇలా కూర్చో. మిగతావాళ్ళూ వినండి. మీరేమీ వీడికంటే గొప్పవాళ్ళు కారు.

ఈ ఎల్లాజీ ఉన్నాడే, అన్న పోయాక మా పేటలో ఇంజన్ల వైద్యం తెలిసినవాడు తనొక్కడే అనుకునేవాడు. చేపలు గుడ్లుపెట్టే కాలమని వేట ఆపిన రెండు నెలలూ ఇంజన్లు ఇళ్ళల్లో మూటకట్టి పడుంటాయి కదా, తీరా వేట తెరిచే వేళకి సగం పలకవు. అందరూ వాటిని భుజాన మోసుకుని ఎల్లాజీ వాకిట్లో దింపేవాళ్ళంట. వాడు చుట్ట వెలిగించి, ఒక్కొక్కదాన్నీ తట్టి, 'నీకేమొచ్చిందే' అని అడిగేవాడంట, దొరలాగా. వాడి వదిన కొర్లమ్మ. మొగుడు బతికుండగా ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని ప్లగ్గులూ పానాలూ అందించిన మనిషి. చేతులతో అందిస్తూ కళ్ళతో నేర్చుకుంది. అది ఎవరికీ తెలీదు. ఒక ఏడు ఏమైందంటే, ఎల్లాజీ రెండు రోజులు కుస్తీ పట్టి వదిలేసిన ఇంజన్ని ఆవిడ చీపురుపుల్లతో బాగుచేసి పంపింది. అంతే. మరుసటి ఏడు ఆవిడ వాకిట్లో నాలుగు ఇంజన్లు దిగాయి. ఆపై ఏడాది తొమ్మిది. ఎల్లాజీ అరుగు మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. లెక్కపెట్టి లోపలికెళ్తే కూడు దిగేది కాదంట. పెళ్ళాం, 'పులుసులో ఉప్పు తక్కువైందా?' అంటే, 'ఆవిడగారి వాకిట్లో ఎక్కువైంది' అనేవాడంట. చూడండి, వాడి కడుపేం మాడలేదు, వాడి పడవకేం తక్కువ కాలేదు. పక్కవాకిట్లో ఇంజన్లు వాడికి నిద్రలేకుండా చేశాయి.

ఇంకొక సంగతి చెప్పాలి, లేకపోతే కథ తెలీదు. కొర్లమ్మ కూతురు దేముడమ్మకి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి కడుపు నిలిచింది. పెట్రోలు కంపు పడక వాంతులు చేసుకుంటుంటే, ఆ ఏడు ఇంజన్నీ ట్యాంకునీ పెరటి పాకలో పెట్టారు. ఆ హడావిడిలో ట్యాంకులో పెట్రోలు తీయడం కూడా మర్చిపోయారు. మనలో కడుపుతో ఉన్న మనిషి ఇంట ఉండగా కుమ్మరి పురుగు మట్టి ఉండలు తెచ్చి గూడు కడితే ముట్టుకోం కదా, బిడ్డకి మంచిదని, లోపలి పిల్ల పురుగై ఎగిరిపోయేదాకా దాని జోలికి పోం కదా? ఎల్లాజీకీ ఆ సంగతి తెలుసు. ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ చేపలు ఎండబెట్టే దగ్గరుంటే, పాకలో దూరి, తడిమట్టి ముద్ద చేసి, ట్యాంకు మూత మీద గాలి పోయే సన్నటి బెజ్జం ఉంటుందే, సరిగ్గా దాని మీద అతికించాడు. కుమ్మరి పురుగు కట్టినట్టే. సొంత అన్న కూతురి కడుపుని అడ్డం పెట్టుకున్నాడు. నీకిప్పుడు నవ్వు రావడం లేదేం గురువులూ?

వేట తెరిచిన రోజొచ్చింది. మన కట్టుబాటు మీకు తెలుసు. పడవలో పనిచేసే నలుగురు కళాసీలూ దాని అంచు మీద చేయి వేసి నిలబడతారు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా ఇంజను పలికితే ఆ ఏడంతా ఆ పడవే. పలక్కపోతే చేయి తీసి ఇంకో పడవ మీద వేస్తారు, తప్పుపట్టకూడదు. కొర్లమ్మకున్నది ఆ ఒక్క పడవ, దాన్ని నడిపేది అల్లుడు పెంటయ్య. కళాసీలు పోతే ఆ ఏడు కూడు లేనట్టే. పెంటయ్య తాడు లాగాడు, పలకలేదు. కొర్లమ్మ ప్లగ్గు విప్పింది. నల్లగా తడిసి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, ఆరబెట్టి, ఇంజను ఇనుముకి ఆనించి లాగమంది. నిప్పురవ్వ పడింది. 'నిప్పుంది, నూనె చూద్దాం' అంది. పెట్రోలు వాసన చూస్తే రెండు నెలలు మురిగి వార్నీషు కంపు. పారబోసి కొత్తది పోయించింది. అంతకుముందు మూత విప్పబోతుంటే అల్లుడు, 'అత్తా, మూత మీద కుమ్మరి పురుగు గూడు, మెల్లగా తిప్పు' అన్నాడంట. ఆవిడ కళ్ళకద్దుకుని, మూత అంచులు పట్టుకుని తిప్పింది. కార్బొరేటరు విప్పి జిగురు పట్టిన బెజ్జాన్ని చీపురుపుల్లతో పొడిచింది. అప్పుడు లాగితే డబడబమని పలికింది. జనం అరిచారు. ఎల్లాజీ మొహం మాడిపోయింది. నూరు లెక్కపెట్టేలోగా ఇంజను ఆగిపోయింది. మళ్ళీ మూత విప్పి చూసి బిగించి లాగితే పలికింది, మళ్ళీ ఆగింది. ఎల్లాజీ తన పడవ అంచు మీద కూర్చుని, 'వదినా, చేపల బుట్ట కాదు కదా, ఆడదాని చేతికి లొంగడానికి' అన్నాడు. ఒక కళాసీ పొద్దు వైపు చూసి చేయి తీసేశాడు. 'పిన్నీ, ఏమనుకోకు, పిల్లలున్నారు' అన్నాడంట. ఇంకొకడూ తీశాడు.

కొర్లమ్మ ఇసకలో కూలబడి ఆలోచించింది. మూత విప్పినప్పుడల్లా ట్యాంకు ఉస్సుమని గాలి పీలుస్తోంది, పీల్చాక కాసేపు ఇంజను పలుకుతోంది. 'దీనికి ఊపిరాడటం లేదు' అంది. ఊపిరాడే బెజ్జం గూడు కింద ఉంది. ముసలమ్మలందరూ, 'వద్దే, ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు, పడవ పోతే పోనీ' అన్నారు. దేముడమ్మ పొట్ట పట్టుకుని వచ్చి, 'అమ్మా, ముట్టుకోకే' అని ఏడ్చింది. కొర్లమ్మ కూతుర్ని చూసింది, పొద్దుని చూసింది. మూతని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, కత్తి మొనతో ఆ గూడుని చెక్కుచెదరకుండా ఊడదీసింది. దేముడమ్మ కెవ్వుమంది. 'ఏడవకమ్మా. కుమ్మరి పురుగు ఉండ మీద ఉండ పేరుస్తుంది, ఇలా అలకదు. లోపల పిల్ల లేదు, పురుగు లేదు. పైగా ఈ పురుగుకి బొటనవేలుంది' అంది. ఎండిన మట్టి మీద వేలిముద్ర, దానికి అడ్డంగా గాలం కోసిన గాటు. ఆ గాటు పేటలో ఎవరి వేలికుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ పేరెత్తలేదు. దేముడమ్మే, 'చిన్నాన్నా, నా బిడ్డ నీకేం చేసింది?' అంది.

పెంటయ్య లాగాడు. ఇంజను పలికింది, ఇక ఆగలేదు. తీసిన చేతులు మళ్ళీ అంచు మీదికొచ్చాయి. ఎల్లాజీ వెనక్కి తిరిగి చూస్తే తన పడవ మీద ఒక్క కళాసీ చేయి లేదు. వాడికి ఒళ్ళు మండిపోయింది. 'మీరెవరూ అక్కర్లేదురా' అని తన ఇంజను మూత పీకేసి, పై చక్రానికి తాడు చుట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని లాగాడు. తాడు చేతికి చుట్టుకోవద్దురా అని పేటలో అందరికీ నేర్పిందే వాడు. ఇంజను ఎదురు తన్నింది. చక్రం తాడుని లాక్కుంది, తాడు ఆ గాటున్న బొటనవేలిని లాక్కుపోయింది. పరుగెత్తుకొచ్చి కొంగు చింపి కట్టు కట్టింది కొర్లమ్మే.

బొటనవేలు లేనివాడు ప్లగ్గు బిగించలేడు, గాలం ముడి వేయలేడు. ఇప్పుడు వాడి ఇంజను కూడా ఏటా వదిన వాకిట్లోనే దిగుతుంది. ఆవిడ మాట అనదు, బాగుచేసి ఇస్తుంది. కానీ వేలిముద్ర ఉన్న ఆ మట్టిబిళ్ళని వాకిటి గోడ గూట్లో దీపం పక్కనే ఉంచింది. వాడి వేలికి గుర్తుగా ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే. వాడు దాని ఎదురుగానే కూర్చుని తన వంతు కోసం చూస్తాడు.