పగవాడికి గంజి

బమ్రోలిలో మగ్గాల షెడ్ల వెనక వలస కార్మికుల కోసం వరుసగా కట్టిన గదుల్లో అదొకటి. షిఫ్ట్ దిగి వచ్చిన భర్త గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. భార్య ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చింది.

“ఏడికి పోయినవ్?”

“కనకయ్య ఇంటికి. గంజి తాపిచ్చి వస్తున్న.”

“తాగి టెంపో నడిపి మన కొడుకు శ్రావణ్‌ను చంపినోనికా?”

“వానికి ఒక పక్క కాలు చెయ్యి పడిపోయినయ్. పెండ్లాం వదిలేసి ఊరికి పోయింది. నీళ్లిచ్చే దిక్కు సుత లేదు.”

“చావనియ్యి. నీకేంది?”

“పగోడైనా ఆకలితోని ఉంటే పెట్టుమన్నడు ప్రభువు.”

“కొడుకు పోయిన బాధ నీ దేవునికేం ఎరుక?”

“ఆయన కొడుకు సుత సచ్చిండు.”

“మూడో దినం లేచిండని మీరే పాడుతరు గద. మనోడు లేస్తడా?”

ఆమె గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది.

“అంటే వాన్ని మాఫ్ చేసినవా?”

“లేదు. మనసొప్పుతలేదు.”

“మరెందుకు పోయినవ్?”

“మనసు ఒప్పినంక పోదామంటే ఎన్నడు పోను. ఆయన చెప్పిండు, పోయిన. నాకు చాతనైంది గంతే.”

“వాన్ని చూస్తే నీకేం అనిపియ్యలేదా?”

“గంజి తాపుతుంటే గొంతు పిసుకుదామనిపించింది.”

“మరేం జేసినవ్?”

“మూతి తుడిచిన. రేపు మళ్లొస్తనని చెప్పిన.”