ఫ్రిజ్ గుర్రుమంటే మూతపడే కంప్యూటర్

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మౌస్, దాని తీగ తోకలా బయటికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధి వీధంతా అతన్ని మౌస్ మావయ్య అనే పిలుస్తారు. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. బాగుచేసిన సంగతి చెప్పుకోవడం అంతకంటే పెద్ద వృత్తి. ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద దర్జీకీ, రిటైరైన లెక్కల మాస్టారికీ మధ్య ఇరుక్కుని కూర్చుని, రెండో గుక్కకే మొదలుపెట్టాడు.

సందు చివర రక్తపరీక్షల ల్యాబులో కొత్త సాఫ్ట్‌వేర్ వేశారట. వేసిన మర్నాటి నుంచీ దానికి బుద్ధి నిలకడ లేదు. కాసేపు గుర్రంలా పరిగెత్తడం, ఉన్నట్టుండి మూతపడటం, మళ్లీ తెరిస్తే ఏమీ ఎరగనట్టు పనిచేయడం. అమ్మినవాళ్లే వచ్చి మొత్తం తీసేసి మళ్లీ వేసినా అదే తంతు.

"ఎప్పుడూ ఉండే జబ్బయితే ఎవడైనా పట్టుకుంటాడు. వచ్చిపోయే జబ్బుంది చూశారూ, దానికి నేనే కావాలి," అన్నాడు మావయ్య.

వెళ్లి, దేన్నీ ముట్టుకోకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాడట. పక్కనున్న ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మూతపడుతోంది. రెండూ ఒకే ప్లగ్గు బోర్డు మీదున్నాయి. విడదీశాడు, అంతే. సబబుగానే ఉందని మాస్టారు కూడా తలూపారు.

ఆ తలూపుతో మావయ్యకి ఊపొచ్చింది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంటూ గ్లాసు పక్కన పెట్టాడు. అనుమానం తీరక కంప్యూటర్ పెట్టెకి చెవి ఆనించాడట, లోపల లక్ష వరసల ప్రోగ్రాములో ఒక్క వరస కుంటుతున్న చప్పుడు వినబడిందట, వేలితో తట్టగానే అది సర్దుకుని నడిచిందట. వరసలకి కాళ్లుంటాయా అని దర్జీ అడగబోతే, నీ మిషను కుట్టు తప్పితే నీకు వినబడదా అని నోరు మూయించాడు.

"ఇప్పుడు సూది గుచ్చకముందే రిపోర్టు బయటికొచ్చేస్తోంది. నిన్న ఒకాయన జ్వరంతో మూలుగుతూ వచ్చాడు. రిపోర్టు చేతిలో పడగానే జ్వరం సిగ్గుపడి దిగిపోయింది. ఆయన ఇంటికి పరిగెత్తుకుంటూ పోయాడు."

ఫ్లాస్కులో టీ పోయించుకోడానికి వచ్చిన ల్యాబు అమ్మాయి అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"మావయ్యా, మీరొచ్చిన రోజు పొద్దుట్నుంచీ మాకు కరెంటే లేదు కదా. మా ల్యాబు డాక్టరుగారితో కబుర్లు చెప్పి, రేపొస్తానని వెళ్లిపోయారు కదా."

దర్జీకి పొలమారింది. మావయ్యకి గుండె జారింది గానీ నోరు జారలేదు.

"కరెంటుంటే ఎవడైనా బాగుచేస్తాడమ్మా," అన్నాడు.

"ఇప్పుడుంది. మధ్యాహ్నం నుంచీ ఆ సాఫ్ట్‌వేరే మాటిమాటికీ ఆగిపోతోంది. మందు ఎంత వేసుకోవాలో తెలియక పెద్దవాళ్లు రిపోర్టుల కోసం కూర్చునున్నారు. రండి మావయ్యా."

మావయ్య సంచీ భుజాన వేసుకుని ఠీవిగానే లేచాడు. గడప దాటబోతూ ఒక్కసారి ఆగి, కొట్టులో వేలాడుతున్న బల్బు వైపు ఆశగా చూశాడు. అది నిక్షేపంగా వెలుగుతోంది.