ఏనుగుల వంతెన మీద వ్యాను బాబాయి

కొండమల్లి ఓ తీగ పట్టుకుని వేలాడుతూ వారం రోజులైంది. పైన కొండ అంచున పులి, కింద మడుగులో మొసలి. పిల్లల వారపత్రిక చివరి పేజీల్లో వచ్చే బొమ్మల కథలో ఆ అడవిపిల్లని అలా వేలాడదీసింది కథలమ్మే. ప్రెస్సులో అందరూ ఆమెని పిలిచే పేరది. "వచ్చే వారం సంగతి వచ్చే వారం చూసుకుందాంలే" అనుకుని కిందటి శనివారం నిశ్చింతగా ఇంటికెళ్ళిపోయింది. ఆ వచ్చే వారం రానే వచ్చింది. మధ్యాహ్నంలోగా పేజీలు మెషీనెక్కాలి. పైన గదిలో బొమ్మలాయన కుంచెలు కడిగి పెట్టుకుని, "ఇంతకీ పిల్లని ఎటు దింపమంటారు?" అని పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నాడు.

ఇదివరకు ఒకసారి ఇలాగే ఇరుక్కుని, అదంతా కల అని రాసేసి చేతులు దులుపుకుంది. చదివేవాళ్ళు ఊరుకోలేదు, ఆఫీసుకొచ్చి మరీ తిట్టిపోశారు. "ఇంకోసారి ఇలా చేస్తే ఆ పేజీల్లో గళ్ళనుడికట్టు వేసుకుంటాను, కొండమల్లి అక్కర్లేదు" అన్నాడు యజమాని. ఆయన అన్నాడంటే చేస్తాడు. ఇంక గదిలో ఉండలేక ఆమె మెట్లు దిగి, గేటు పక్కన టీ కొట్టు బెంచీ మీద కూలబడింది.

టీ కొట్టు పెద్దమ్మ అడక్కుండానే గ్లాసు చేతికిచ్చింది. ఆవిడ చెల్లెలి మొగుడు వ్యాను బాబాయి అప్పటికే అక్కడ కొలువుదీరి ఉన్నాడు. పత్రిక కట్టలు ఊళ్ళకి చేరవేసే వ్యాను అతనిది. పక్కనే ప్రెస్సులో కాగితాలు కోసే కటింగు మాస్టారు. తన మెషీను రోజంతా కోసేదానికన్నా బాబాయి ఒక్క టీకి కోసేవే ఎక్కువని ఆయన అంటూ ఉంటాడు.

"ఏంటమ్మాయ్, మొహం వేలాడేశావు? కొండమల్లి గురించేనా? ఆ పిల్ల విలువ రాసేదానివి నీకేం తెలుస్తుంది, మోసేవాణ్ణి నన్నడుగు," అని మొదలుపెట్టాడు బాబాయి. "మొన్న వానల్లో కట్టలేసుకుని అడవి దారిన పోతుంటే రోడ్డుకడ్డంగా ఓ కొమ్మ పడి ఉంది. దిగి పక్కకి లాగేశాను. అందులో గొప్పేం లేదు."

"కొమ్మేగా," అన్నాడు కటింగు మాస్టారు.

"కొమ్మే. కాకపోతే దాని చివర చెట్టు కూడా ఉంది. సరే, దాన్ని పక్కన పడేసి తలెత్తుతున్నానా, పొదల్లోంచి దొంగలు, ఒక్కొక్కడికీ మూరెడు మీసం, వాచీ ఇస్తానంటే వద్దన్నారు, వ్యాను తీసుకోండంటే వద్దన్నారు, వాళ్ళ నాయకుడు నా పీక మీద కత్తి పెట్టి ఏమడిగాడో తెలుసా? 'కొండమల్లి ఆ గోతిలోంచి బయటపడిందా లేదా, ముందది చెప్పు' అన్నాడు. వాళ్ళావిడ అన్నం పెట్టడం మానేసిందట, ఆ పిల్ల సంగతి తెలుసుకొచ్చాకే కంచం ముందు కూర్చో అని."

కథలమ్మకి నవ్వొచ్చింది. ఆ గొయ్యి తవ్వింది కూడా తనే.

"కట్ట విప్పి చదివి వినిపించాను. అంతంత మనుషులూ ముక్కులు చీదుకుంటూ ఏడ్చారు. 'మమ్మల్ని చూసి అందరూ పారిపోతారు, ఆ పిల్లయితే ఎదురొచ్చి నీ పేరేంటని అడుగుతుంది కదన్నా' అన్నాడొకడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. తిరిగి చూద్దును కదా, పులి. అదీ వింటోంది. పేజీ తిప్పడం కాస్త ఆలస్యమైతే పంజాతో నా భుజం తడుతోంది."

"కథలో పులి ఓడిపోతుందిగా, దానికి కోపం రాలేదా?" అన్నాడు మాస్టారు.

"వచ్చింది. ఓడిపోయినందుకు కాదు, బొమ్మలో మీసాలు ఒక పక్క తక్కువేశారని. ఈలోపు ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఊళ్ళో పిల్లలు పత్రిక కోసం కాచుక్కూర్చుంటారు, మరి నేనాగితే ఎలా? ఏనుగుల మందని పిలిచి విషయం చెప్పాను. పాపం, ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఏట్లో వరసగా నిలబడ్డాయి. వాటి వీపుల మీంచి వ్యాను నాలుగో గేరులో పోనిచ్చాను."

"ఏనుగుల మీద నాలుగో గేరా?"

"మూడో గేరులో పోతే వాటికి చక్కిలిగింతలు మాస్టారూ. అలా నడి ఏట్లోకి వచ్చానా, చూస్తే ఏనుగులు చాల్లేదు. ముందు చక్రాలు గాల్లో. కింద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వెనక్కి పోదామంటే ఆ పులి, మిగతా కథ చెప్పకుండా వచ్చేశానని అలిగి, వెనకాల ఏనుగు మీదెక్కి కూర్చుంది."

కథలమ్మ గ్లాసు కింద పెట్టేసింది. ఒక పక్క పులి, ఒక పక్క మొసళ్ళు. కోతలన్న సంగతి కూడా మరిచిపోయి ముందుకి వంగింది.

"ఎలా బయటపడ్డావు బాబాయ్? నిజంగా అడుగుతున్నాను, చెప్పు."

అంత ఆత్రంగా అతన్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. బాబాయి ఓ గుక్క టీ తాగాడు. మీసం తుడుచుకున్నాడు. ఆకాశం కేసి చూశాడు. గ్లాసులో ఏమీ లేకపోయినా ఇంకో గుక్క తాగాడు.

"అతనెక్కడ బయటపడ్డాడు," అంది పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "మాటలు కోటలు దాటతాయి గానీ ఆ రోజు కాలు మా గడప దాటలేదు. జ్వరమొచ్చి దుప్పటి ముసుగేసుకుని మా ఇంట్లోనే పడుకున్నాడు. వ్యాను తోలింది మా చెల్లెలు."

కటింగు మాస్టారికి టీ ముక్కులోకి పోయింది.

"అది కాదు వదినా, ఆ ఏనుగులు..."

"ఏనుగు కాదు మరిదీ, ఎనుబోతు. అదీ ఒక్కటే."

కథలమ్మ లేచి పొయ్యి దగ్గరికెళ్ళింది. "పిన్ని ఏం చేసింది పెద్దమ్మా?"

"ఏం చేస్తుంది? అది దారికడ్డంగా నిలబడి కొమ్ములు విసురుతోందట. హారను కొట్టేకొద్దీ రెచ్చిపోతోందట. మా చెల్లెలు ఇంజను ఆపేసి, అద్దం ఎక్కించుకుని, మీ పత్రికే ఒకటి తీసి చదువుకుంటూ కూర్చుంది. కొట్లాటకి మనిషి దొరక్కపోతే దానికి మాత్రం ఏం తోస్తుంది? కాసేపు చూసి గడ్డి వెతుక్కుంటూ పోయింది."

కథలమ్మ అక్కడే నిలబడిపోయింది. కొండమల్లి కాళ్ళు విదిలించినప్పుడల్లా మొసలి ఎగురుతోంది. తీగ ఊగినప్పుడల్లా పులి పంజా విసురుతోంది. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల చేత ఊపిరి సలపకుండా పోరాడించింది తనే. ఒక్కసారి ఊరికే ఉండనిస్తే?

"పిన్నికి నా దండాలని చెప్పు పెద్దమ్మా," అని మెట్ల వైపు నడిచింది. వెనక బాబాయి అప్పుడే తేరుకుంటున్నాడు. "అసలా జ్వరం సంగతి మీకెవరూ చెప్పలేదు మాస్టారూ. అది మామూలు జ్వరమనుకున్నారా? నా నుదుటి మీద గిన్నె పెట్టి వదిన ఇంటిల్లిపాదికీ టీ కాచింది."

పైన బొమ్మలాయన మళ్ళీ అదే అడిగాడు. "ఎటు దింపమంటారు?"

"ఎటూ వద్దండీ. కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని కదలకుండా ఉంటుంది. ముందు మొసలికి విసుగొస్తుంది. తర్వాత పులికి. రెండూ వెళ్ళిపోయాక నిదానంగా పైకెక్కుతుంది."

ఆయన కాసేపు తల పంకించాడు. "పులి ఆవలిస్తే బాగుంటుంది. పళ్ళన్నీ కనిపించేలా, నాలుక బయటపెట్టి." అడిగినట్టే అన్నాడు గానీ అప్పటికే కుంచె సిరాలో ముంచేశాడు.

మధ్యాహ్నానికి పేజీలు మెషీనెక్కాయి. ఆ మోత వినడానికి కథలమ్మ మెలకువగా లేదు. కుర్చీలోనే తల వాల్చి, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. బొమ్మలాయన చప్పుడు చేయకుండా కిటికీ తలుపులు దగ్గరికేశాడు.