పాటల పత్రిక అట్టమీది ఫోటో

బత్తాయిలెందుకు తెచ్చిండ్రు సారూ? దవడ ఇరిగినోడు బత్తాయెట్ల తింటడు? నోటికి తీగలేసి కట్టిండ్రు, కనవడుతలేదా? పాలు గొట్టంతోని పోస్తున్నం. పెట్టుండ్రి గీడ, పక్క మంచం ముసలామె తింటది.

కూసోండ్రి. స్టూలు జర ఊగుతది గని పడదు. మెల్లగ ఎందుకు మాట్లాడుతున్నరు? సూదేసిండ్రు వానికి, డోలు కొట్టినా లెవ్వడు.

ఎట్ల జరిగిందంటరా? ఊరంతా తెలిసినా మీకు తెల్వదా? సరే, తెల్వదనే అనుకుంట. మొదటికెళ్ళి సెప్త ఇనుండ్రి. మళ్ళ సెప్పే ఓపిక నాకు లేదు.

నేను గౌరీబాయిని, ఈ సక్రుకు అక్కను. వాడు నన్ను బాయీ అంటడు మా భాషల. పెన్‌పహాడ్ దిక్కు తండా మాది. అమ్మ సచ్చిపోయిన్నాడు వీనికింక నోట్ల పండ్లు మొలవలే. నేనే సంకనేసుకోని పత్తి ఏరిన. తొంభై మూడుల టెన్త్ పాసైండు. తండా మొత్తంల వీడే మొదటోడు. డిగ్రీ సదువుతనని మిర్యాలగూడ హాస్టలుకొస్తే, వాని ఎనుక నేనొచ్చి సేటు బియ్యం మిల్లుల వడ్లు ఎండవోసే పనికి కుదిరిన. గోడ పక్కన గుడిసె ఏసుకున్న. ఆదివారమొస్తే వచ్చి రొట్టె తినిపోతుండె.

ఇగ మీరు క్లాసుల ప్రాజెక్టు ఇచ్చిండ్రు. "ఒక్కొక్కరు ఒక పత్రిక తయారుచెయ్యండి, అట్ట నుంచి ఆఖరి పేజీ దాకా మీరే డిజైన్ చెయ్యాలి" అన్నరట. ఒకడు క్రికెట్ పత్రికన్నడు, ఇంకొకడు సినిమా పత్రికన్నడు. వీడు పాటల పత్రికన్నడు. రేడియోల వచ్చే పాటలు కాదట. పెండ్లిల మా ఆడోళ్ళు ఏడ్సుకుంట పాడే పాటలు, సూర్యాపేట బస్టాండుల క్యాసెట్లమ్మే ముసలాయన ముచ్చట్లు, సన్నాయి ఊదేటోళ్ళు, డప్పు కొట్టేటోళ్ళు, గివన్ని. దానికి పేరు పెట్టిండు 'మోత' అని.

మీరు కాలేజీల సూసి మార్కులేస్తరు సారూ, నేను నా గుడిసె నేల మీద సూసిన. తెల్ల కాయిదాలు పరిసి పెన్సిలుతోని గీతలు గీసిండు. జిరాక్స్ తీసిన రాతలు బ్లేడుతోని కోసి, మైదా గంజితోని అంటుపెట్టిండు. పేరు ఎర్ర సిరాతోని రాసుడు, బాగలేదని సింపుడు, మళ్ళ రాసుడు. ఒక పేజీల సగం తెల్లగనే ఇడిసిపెట్టిండు. "అంత కాయిదం దండుగ గదరా" అన్న. "ఖాళీ ఉండాలె బాయీ, కన్ను జర ఊపిరి తీసుకుంటది" అన్నడు.

నవ్వు రావట్టె నాకు. కన్నుకు ఊపిరేంది సారూ?

అట్టమీద మొదలు నా ఫోటోనే. అద్దాల రైకేసుకోని, సేతుల నిండ గాజులేసుకోని, నోరు తెరిసి పాడుతున్న. స్టూడియోల కెమెరా కిరాయికి తెచ్చి వాడే తీసిండు. మిల్లుల అందరికి సెప్పుకున్న, పుస్తకం మీద నా బొమ్మొస్తదని.

గంతల్నే వేములపల్లిల పెండ్లి వచ్చింది. మా మిల్లు సేటోళ్ళదే, వాళ్ళ మేనకోడలి పెండ్లి. డప్పులు కొట్టేది మైసయ్య. మీరు ఎరుగరు, బక్కటి మనిషి, తల నెరిసింది, డప్పు పట్టుకుంటె మాత్రం పదారేండ్ల పిలగాడు. ఆయన కొట్టేది ఫోటో తీసుకుంటనని వీడు పోయిండు.

ఎండల ఊరేగింపు. పొద్దటికెళ్ళి కొడుతున్నడాయె మైసయ్య, వేళ్ళు పగిలినయ్. సేటు తమ్ముడున్నడు సూడుండ్రి, సిన్నసేటు, తాగి ఉన్నడు. "ఇంకా జోరుగ కొట్టురా" అన్నడు. "జర నీళ్ళు తాగి కొడ్త దొరా" అన్నడు మైసయ్య. గంతే! డప్పు గుంజుకున్నడు. డప్పులు కాపుకోనీకె గడ్డి మంటేసిండ్రు గద పక్కన, దాంట్ల ఇసిరికొట్టిండు. మైసయ్య మంటలకెళ్ళి తీసుకుందామని వంగిండు. వంగినోని మెడ మీద బూటు కాలు పెట్టి అదిమిండు. మొహం మంట పక్కకు పోయింది. మీసాలు కమిలిన వాసనొచ్చిందట. "ఇప్పుడు నోటితోని కొట్టు, డండనక డండనక అను" అన్నడు. అన్నడు మైసయ్య! మెడ మీద కాలుంటే ఏం జేస్తడు, అన్నడు. పెండ్లోళ్ళు నవ్విండ్రు.

వీడు ఫోటో తీసిండు.

సిన్నసేటు ఏం జేసిండనుకున్నరు? పెండ్లి ఫోటోలు తీసేటోడనుకున్నడు వీన్ని. కాలు తియ్యలే. నడుం మీద సెయ్యి పెట్టి, తల దువ్వుకోని, కెమెరా దిక్కు నవ్విండు. "మంచిగ పడ్డనా? నాకు రెండు కాపీలియ్యి" అన్నడు.

గా ఫోటో కడిగిచ్చుకొచ్చి వీడు గుడిసెల కూసున్నడు. అన్నం ముట్టలే. జర సేపటికి అట్టమీద నా ఫోటో గోటితోని పీకిండు. నాకు కోపమొచ్చింది. "నేనేం పాపం జేసినరా?" అన్న. "నువ్వు లోపలి పేజీల ఉంటవు బాయీ, ఇది బయట ఉండాలె" అన్నడు. కింద గిట్ల రాసిండు: 'డప్పు కళాకారుడు మైసయ్య, వేములపల్లి.' గంతే. కాలు ఎవరిదో రాయలే.

నేను భయపడ్డ సారూ. ఉన్నది ఉన్నట్టు సెప్పాలె గద. "వద్దురా, వాళ్ళ మిల్లుల నా కూలి" అన్న. వాడేమన్నడో ఎరుకేనా? "సారు సూసిండు బాయీ, శానా బాగుందన్నడు, ఇదే పెట్టమన్నడు."

మీ మాట వానికి వేదం.

కాలేజీ హాల్ల పత్రికలన్ని తాళ్ళకు కట్టి ఏలాడదీసిండ్రు. ముఖ్య అతిథిని ఎవర్ని పిలిసిండ్రు? మా పెద్దసేటును! కాలేజీకి ఫ్యాన్లు ఇచ్చిండని. మీరు పిలిసిండ్రో, పెద్దసారు పిలిసిండో నాకు తెల్వదు. పెద్దసేటు ఒక్కొక్కటి సూసుకుంట వచ్చి దాని ముంగట ఆగిండట. ఎనకాల ఆడపిల్లలు కిసకిస నవ్విండ్రట, "గా బూటు ఎవరిదో మాకెరుకే" అని. పెద్దసేటు గూడ నవ్విండట. చాయ్ తాగకుంట పోయిండట.

గా దినమే పగటియాల్ల అన్నానికి కూసున్నరు హాస్టల్ వరండల. జీపొచ్చింది. నలుగురు దిగిండ్రు. అన్నం కాడికెళ్ళి జుట్టు పట్టి గుంజుకొచ్చిండ్రు వీన్ని. మిల్లు మిషిన్లకు తిరిగే పట్టా ఉంటది, మందంగ, రబ్బరుది. దాంతోని కొట్టిండ్రు. పడ్డంక కాళ్ళతోని తన్నిండ్రు. దవడ ఇరిగిన సప్పుడు పక్క గదుల పిల్లలు ఇన్నరు సారూ! ఒక్కడు తలుపు తియ్యలే. "ఫోటో తీసిన వేలేదిరా?" అన్నరట. వీడు సెప్పలే, నోరెక్కడున్నది సెప్పనీకె? కుడిసెయ్యి మెట్టు మీద పెట్టి ఇటికతోని దంచిండ్రు. కారం దంచినట్టు. ఏ వేలైతె ఏంది, అన్ని దంచుదమని.

గాడికెళ్ళి వేములపల్లి పోయి మైసయ్య మణికట్టు ఇరగ్గొట్టిండ్రు. ఆయనేం జేసిండు? ఫోటో తియ్యమన్నడా? కాలు పెట్టమన్నడా?

హమాలీ కిష్ట్యా వచ్చి సెప్తే ఉరికిన. అన్నం మెతుకులల్ల నెత్తురు కలిసి ఉన్నది నేల మీద. రిక్షాల ఒళ్ళో పండుకోబెట్టుకోని తెచ్చిన. నా లంగ అద్దాలు ఎర్రగైనయ్.

తెల్లారి నేను పనికి పోయిన.

అవును సారూ, మిల్లుకే పోయిన. అందరు ఎగాదిగ సూసిండ్రు. సిన్నసేటు కాంట కాడ కూసోని చాయ్ తాగుతున్నడు. నన్ను సూసి అడిగిండు, "ఏమే, మీ తమ్ముడు పత్రిక తీసిండట గద, దాని పేరేందే?"

కిష్ట్యా కొక్కెం ఉన్నది బస్తాకు గుచ్చి, బస్తాలు లేపే ఇనుప కొక్కెం. తీసిన. "మోత" అన్న. దవడ మీద ఏసిన. సెంపకెళ్ళి సీరుకుంట పోయింది. గిలాస పడ్డది. "మోత, దొరా" అన్న. భుజంల దిగింది, గుంజితే రాలే, కాలు పెట్టి గుంజిన. వాడు పంది అరిసినట్టు అరుసుకుంట తవుడు కుప్పల పడ్డడు. తవుడంత నెత్తురు ముద్దలు. హమాలీలు నిలబడ్డరు గోడలోలె. నన్ను పట్టుకోలే, వాన్ని లేపలే. ఇంకోటి ఏద్దునే. గొంతు మీదికి ఎత్తిన గని, ఎయ్యకుంట కొక్కెం తవుడుల పారేసిన.

పోలీసోళ్ళు స్టేషన్ల పిక్కల మీద కొట్టిండ్రు, సూడుండ్రి, నల్లగ కమిలినయ్. కొట్టనీ. నేను నవ్వుకుంటనే ఉన్న. సాయంత్రం పెద్దసేటు వచ్చి లోపల మాట్లాడిండు. మాట్లాడి మాట్లాడి ఏం తేల్సిండ్రో ఎరుకేనా? తండా ఆడిది కొట్టిందంటె ఇజ్జత్ పోతదట! వాళ్ళోడు మిషిన్ మీద జారిపడ్డడట. మా వాడు హాస్టల్ మెట్ల మీద జారిపడ్డడట. మైసయ్య కల్లు తాగి జారిపడ్డడట. కేసు ఖతం. ఏలిముద్ర ఏసి ఇంటికి పో అన్నరు. ఏసిన. వీనికి పాలు పొయ్యాలె గద?

ఏంది, లేస్తున్నరు? కూసోండ్రి, ఇంకొకటున్నది.

కూసో.

వాళ్ళకు వీని పేరెట్ల తెలిసింది సారూ? అట్టమీద పేరు లేదు. మార్కులేసేదాంక పేర్లు రాయొద్దు, నంబరే రాయాలన్నది నువ్వే. హాస్టల్ల ఎంతమంది పిల్లలు! గదేది, మనిషేది, ఎట్ల ఎరుక?

వాచ్‌మన్ చంద్రయ్య సెప్పిండు. గేటు కాడ జీపు ఆగినప్పుడు ముంగటి సీట్ల, డ్రైవరు పక్కన, నువ్వున్నవ్. దిగలేదు నువ్వు. సెయ్యి బయటవెట్టి సూపెట్టినవ్, గదిగో, గా బల్ల కాడ నీలం అంగి అని.

నేనేం అంటలే. తలకాయెందుకు ఊపుతున్నవ్? బెదిరిచ్చే ఉంటరు. నీకూ పిల్లలుంటరు. కోదాడల ఇల్లుంటది, దాంట్ల పెండ్లాముంటది. గల్లపట్టి జీపు ఎక్కిచ్చిండ్రో, పిలిస్తె ఎక్కినవో, నీకే ఎరుక. ఒద్దు, సెప్పకు. ఏది సెప్పినా నేను నమ్మ.

ఏడ్వకు. నర్సమ్మ సూస్తది.

వీనికి తెల్వదు. నేను సెప్పలే. కండ్లు తెరిసినప్పుడల్ల ఎడమసేత్తోని కండ్లద్దాలు పెట్టుకున్నట్టు సైగ జేస్తడు. అంటె నువ్వని. సారొచ్చిండా అని. ఏమని సెప్పాలె? నీ లెక్క లెక్చరర్ అయితనంటడు వాడు. తండాల ఇంకెవర్ని సూసి అనాలె గా మాట?

సెప్పను తియ్యి. సెప్తె దవడతోని పాటు ఇంకోటి ఇరుగుతది, దానికి ఏ డాక్టరు తీగలేస్తడు?

కట్లు ఇప్పినంక మళ్ళ కాలేజీకే తోలియ్యాలె. మళ్ళ నీ క్లాసులనే, నీ ముంగటి బెంచీ మీదనే కూసోవాలె. నువ్వు సెప్పింది ఎడమసేత్తోని రాసుకోవాలె.

ఏం జేస్తం సారూ? మాకు ఇంకో కాలేజీ యాడున్నది?