కుక్కల నూక తిన్న పిల్లి

నా వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మేనేజరుగారికీ, పక్కనే ఉన్న ల్యాబు మేడమ్‌గారికీ, ఇరవై ఆరేళ్ళు నాతోపాటు పొడుల్లో మునిగి తేలిన కలిపే గది అక్కలకీ తమ్ముళ్ళకీ నమస్కారాలు. మైకు ముందు మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే రాసుకొచ్చాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, చదవడం ఆలస్యమైతే ఏమీ అనుకోకండి. వెనక వరసలో బస్తాల తమ్ముడూ, నవ్వింది చాలు, నీ సంగతీ చెబుతాను. (నవ్వులు)

కుక్కలకీ పిల్లులకీ తిండి చేసే ఈ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నాకు అన్నీ ఒకటే కంపు. తర్వాత ముక్కు పదునెక్కింది. ఈ తమ్ముడు చేపపొడి అనుకుని ఎముకల పొడి పోయబోతే, గది ఇవతలి మూలనుంచే వాసన పట్టి కేకేశాను. అప్పట్నుంచి నేను మీ అందరికీ ముక్కమ్మనే. కానీ ఏది ఎందుకు వేస్తామో ముక్కుకి తెలియదు కదా. అది నాకు చెప్పింది మా అమ్మాయి. ఇక్కడే ల్యాబులో, కిటికీ పక్క కుర్చీలో పనిచేసింది.

"అమ్మా, కుక్క కాస్త మనలాంటిదే. అన్నం, గుమ్మడికాయ, ఏది పెట్టినా సర్దుకుంటుంది. పిల్లికి మాత్రం మాంసం పడాల్సిందే" అనేది.

"అబ్బో, మహారాణి!" అనేదాన్ని.

"మహారాణే మరి. గుండెకాయలో, చేపలో టౌరిన్ అని ఒకటుంటుంది. కుక్క దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది, పిల్లికి తిండిలోంచే అందాలి. అందకపోతే కళ్ళు పోతాయి, గుండె పాడవుతుంది. క్యారెట్‌లోంచి కుక్క విటమిన్ లాక్కుంటుంది, పిల్లికి లివరే కావాలి. నువ్వు తెచ్చే నూక మన పిల్లికి పెట్టకు."

నూక అంటే, తెలియనివాళ్ళకి చెబుతున్నాను, కుక్కల తిండి గింజలు బస్తాకెత్తేటప్పుడు విరిగిన ముక్కలు. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళమని డ్రమ్ములో పోసి ఉంచుతారు. నేను మరిచిపోతానని అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసి వంటగది అలమారకు అంటించింది: "అమ్మా, బొగ్గుకి నూక వద్దు. పిల్లికి పిల్లి తిండే." బొగ్గు అంటే అమ్మాయి పెంచుకున్న నల్లపిల్లి.

మూడేళ్ళ కిందట అమ్మాయి జ్వరంతో ఆస్పత్రికి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆ అక్షరాలు చూడలేక కాగితం పీకేసి దాని బట్టల మధ్య దాచేశాను. పిల్లుల బస్తాలు ల్యాబు అవతల ఉంటాయి. ఆ ఖాళీ కుర్చీ ముందునుంచి వెళ్ళలేక, చేతికందిన నూకే రెండేళ్ళు తీసుకెళ్ళి పెట్టాను. తింటోంది కదా, చాల్లే అనుకున్నాను. ఒకరోజు బొగ్గు బల్లమీంచి దూకబోయి ఆగిపోయింది. ఇంకోరోజు గోడకు తల కొట్టుకుంది. పశువుల డాక్టరు దాని కళ్ళలో లైటు వేసి చూసి, "ఏం పెడుతున్నావమ్మా?" అన్నాడు. చెప్పాను. "ఎక్కడ పనిచేస్తావు?" అన్నాడు.

చూపు ఇక రాదన్నాడు. గుండె ఇంకా బాగానే ఉందట. ఆ రోజే వెళ్ళి పిల్లి తిండి తెచ్చాను. ఆ కుర్చీ దాటడానికి పది అడుగులు పట్టింది. రెండేళ్ళు ఆ పది అడుగులే వేయలేకపోయాను. బిడ్డను బతికించుకోవడం నా చేతిలో లేకపోయింది. అది చెప్పిన మాట నిలబెట్టడం నా చేతిలోనే ఉంది, అదీ చేయలేదు.

బహుమతిగా ఏం కావాలని మేనేజరుగారు అడిగారు. ఇదిగోనండీ, ఆ కాగితం. దీన్ని నూక డ్రమ్ము మీద అంటించండి. బొగ్గు ఎవరని కొత్తవాళ్ళు అడిగితే ఈ కథంతా చెప్పండి, దాచొద్దు.

ఇన్నాళ్ళు నన్ను మీలో ఒకదాన్నిగా చూసుకున్నారు, అందరికీ దండాలు. భోజనాలకి చేతులు కడుక్కోమంటున్నారు, నేను కడుక్కోనమ్మా. బొగ్గు గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఈ చేతులకంటిన లివర్ పొడి వాసన పట్టే నేనొచ్చానని లేస్తుంది. రేపట్నుంచి ఈ వాసన ఉండదు. ఇవాళ్టికి మాత్రం ఈ చేతులతోనే ఇంటికి పోనివ్వండి. సెలవు.