ఒక పక్కకు దిగిన అంచు

తుంటి ఎముక విరిగిన పిల్లకు కట్టు విప్పాక చేయాల్సినవి ఆసుపత్రి చీటీలో ఇలా ఉన్నాయి: రెండు నెలలు కాలు మోపనివ్వకూడదు, మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయించాలి, కుంటితే వెంటనే చూపించాలి. ఏడాది తర్వాత, నొప్పితో మూలుగుతున్న కూతురిని బయట కూర్చోబెట్టి, బట్టలు కుట్టే తల్లి ఆ చీటీని డాక్టరమ్మ ముందు పెట్టింది.

“ఎక్స్‌రేకు ఒక్కసారీ రాలేదేమ్మా?”

“పరుగులు పెడుతుంటే ఇంకెందుకులే అనుకున్నానండి.”

“కుంటడం కనబడలేదా?”

“గౌను ఎడమ అంచు దిగినట్టు కనబడింది. నా కత్తెర వంకరపోయిందనుకుని మడిచి కుట్టేశాను.”

“కత్తెరకు నోరు లేదుగా, పాపం.”

“మూడు గౌన్లకు అలాగే చేశాను డాక్టరమ్మా. వీధిలో అందరి కొలతలూ నాకు నోటికొచ్చు. దీని కాలికే టేపు పెట్టలేదు.”

“తుంటి కీలులో ఇమిడే ఎముక గుండుకు రక్తం అందక అది కుంగిపోయింది. రక్తం అందకపోవడం ఎముక విరిగిన రోజే మొదలై ఉంటుంది, నీ తప్పు కాదు.”

“ముందే వచ్చుంటే?”

“బరువు పడనివ్వకుండా కొంత కాపాడేవాళ్లం. ఇప్పుడు ఆపరేషన్ చేసినా కాలు కాస్త పొట్టిగానే ఉంటుంది.”

“ఒకసారి పిల్లే అందండి, ‘గౌను బాగానే ఉందమ్మా, నేనే ఒరుగుతున్నానేమో’ అని. తిన్నగా నిలబడవే అని కసిరాను.”

మీ పిల్లల బట్టల అంచు ఎప్పుడైనా ఒక పక్కకు దిగితే, సూది అందుకునే ముందు ఆ పిల్లను గుర్తుచేసుకోండి.