నెయ్యేసిన ముద్ద

ప్రొద్దుటూరులో ఆ రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. మధ్యాహ్నం పూట ఒకామె చేతిలో గిన్నెతో స్టూలెక్కి, పక్కింటి పెరట్లోకి తొంగిచూసింది.

"అక్కా, మీ సింగడు యాడ? కనపడ్లేదే?"

"ముద్దనూరు కాడ మా తమ్ముని తోటలో కట్టేసొచ్చినాం. ఇంత పెద్ద రాట్‌వీలర్ కుక్క మీదికి దూకుతాందని స్టేషన్లో కంప్లైంటు ఇచ్చింది మీ ఆయనే కదమ్మా! రేపు ఎస్సై చూసేదానికి వస్తాడంట."

"ఆడ బాగా తింటాందా?"

"యాడ తింటాది? కోడికూర పెట్టినా మూతి తిప్పుకుంటాందంట. అయినా కుక్కను తరిమినోళ్లకు దాని తిండితో ఏం పని?"

"కోప్పడొద్దక్కా. దినామూ ఈ గోడ మీదనుంచి దానికి నెయ్యేసిన సంగటి ముద్ద పెట్టేది నేనే. మా ఆయనకు డాక్టరు నెయ్యి మాన్పించినాడు. ఆ నెయ్యంతా మీ సింగనికే."

"ఓయమ్మా! అందుకేనా అది మీ గోడ మీదికి ఎగిరెగిరి మొరిగేది?"

"ముద్ద ఆలస్యమైతే నన్ను పిలుస్తాది. మా ఆయనేమో తన్ను కరిసేదానికి వస్తాందనుకున్యాడు."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"నీ నెయ్యి కుక్కకు పెడతాండానని ఏం మొగం పెట్టుకోని చెప్పేది? రేపు చెప్తా లే. నువ్వు సింగన్ని తోలకరా. ఎస్సై ముందర మా ఆయన చేత్తోనే ముద్ద పెట్టిస్తా. కరిస్తే కేసు, తింటే రాజీ."

"మాది కరిసేది కాదు లేమ్మా."

"అది నాకు తెల్దా? నెయ్యేసిన ముద్ద చేతికొస్తే, ఎస్సై ముందరే మా ఆయన తన నోట్లో ఏసుకుంటాడేమోనని నా భయం!"